మేక మేయని ఆకు

ముత్యం బండరాళ్ళ సందులోకి చెయ్యి పెట్టి తీగె కోసం తడుముతున్నాడు. పుష్యమాసపు మంచు ఇంకా విడవలేదు. గుట్ట కిందనున్న చెరకు తోటలన్నీ ఆ తెలుపులో మునిగిపోయాయి. బోధన్ ఫ్యాక్టరీ పొగగొట్టం ఒక్కటే పైకి తేలి కనిపిస్తోంది. కాగుతున్న చెరకు రసం వాసన ఇంత దూరం కూడా వస్తోంది. రాళ్ళు చల్లగా, తడిగా ఉన్నాయి. వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. అయినా ఆకు తగలగానే తెలిసింది. పైన నున్నగా, అడుగున సన్నటి నూగుతో, లేగదూడ చెవిలా ఉంటుంది అది.

మేకమేయని ఆకు. ఎవరివో రెండు మేకలు పక్కనున్న రేగు కొమ్మల్ని పీకి తింటూ వచ్చి, ఈ తీగె దగ్గర మాత్రం మూతి తిప్పుకుని పోయాయి.

లేత కొసలను అతను ముట్టుకోలేదు. పండుబారిన వాటినీ ముట్టుకోలేదు. నడిమి ఆకులు ఏడు తెంపాడు. పొద్దుకొకటి చొప్పున వారానికి ఏడు. వాటిని తడిగుడ్డలో పెట్టి, పైన మోదుగాకు చుట్టి, నారతో కట్టి అంగీ జేబులో వేసుకున్నాడు. ఒకప్పుడు ఈ గుట్ట మొదట్లోనే చేతినిండా దొరికేది. తోటలు గుట్టను ఒరుసుకుంటూ వచ్చిన కొద్దీ తీగె రాళ్ళలోకి, పైపైకి జరిగింది. ఈ ఏడు ఆకుల కోసం అతను గుట్టను రెండు చుట్లు తిరిగాడు.

యాభై ఏళ్ళుంటాయి ముత్యానికి. పొట్టి మనిషి. చెరకు కట్టలు మోసి మోసి ఎడమ భుజం మీద తోలు మందమై, నల్లగా మెరుస్తుంది. చెరకాకు కోసిన సన్నటి గీతలు ముంజేతుల నిండా ఉంటాయి, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. చెవులకు ఇత్తడి పోగులు. మీసం నెరిసింది కానీ తల నెరవలేదు. ఫ్యాక్టరీ ముందు బండ్ల వరసలో నిలబడి చెరకు దించడం అతని పని. బండి వెనుక బండి, ఎడ్ల వెనుక ఎడ్లు. పదిహేనేళ్ళుగా బేస్తవారం ఒక్కటే అతని సెలవు. పదకొండేళ్ళుగా ఆ ఒక్క రోజూ తెల్లంగీ తొడుక్కుని నిజామాబాద్ రైలెక్కుతాడు.

నిన్న మాత్రం పని దిగిపోయే ముందు మేస్త్రి ఎదుట నిలబడి, ఇంకో రెండు రోజులు సెలవు కావాలన్నాడు.

మేస్త్రి ఆశ్చర్యపోయాడు. "నడిమి సీజన్ల ఎటు పోతవే?"

"గూడెం పోయొస్త."

"ఒక్కనివేనా?"

ముత్యం తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి దులిపాడు. మేస్త్రి అతని ముఖంలోకి చూసి, "ఐతారం పొద్దుగాల బండ్ల కాడ ఉండాలె మల్ల" అన్నాడు.

*

వర్ని అవతల, అడవి మొదలయ్యే చోట, గుట్టల నడుమ ఉంది ఆ గూడెం. ముత్యం పుట్టిన నాయకపోడు తెగ గూడెం. ముత్యం తల్లి రాములవ్వ దమ్ముకు మందిచ్చేది. ఆయాసం లేచి, రాత్రంతా కూర్చునే తెల్లవార్చేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో బండ్ల మీద వచ్చేవారు. పొద్దున పరగడుపున మేకమేయని ఆకు ఒకటి మిరియంతో నమిలించేది. కక్కుకుంటే కక్కుకోనిచ్చేది. లోపలి కఫం పోవాలనేది. సాయంత్రం అడ్డసరం ఆకు కాచి, వడగట్టి, తేనె కలిపి తాగించేది. దగ్గు ఆగని వాళ్ళకు తానికాయ పెచ్చు నిప్పుల మీద కాల్చి బుగ్గన పెట్టించేది. మరీ ఎగపోస్తుంటే ఎండిన నల్ల ఉమ్మెత్తాకు పొగ, అదీ కొంచెమే, తనే పక్కన కూర్చుని పట్టించేది. ఎవరైనా ఏమిస్తామన్నా, "మందు నాది గాదు, గుట్టది" అని గూడెం దేవత లక్ష్మీదేవర ముందు ఒక కొబ్బరికాయ కొట్టించి పంపేది.

ముత్యానికి ఇరవై ఏళ్ళు ఉన్నప్పుడు, ఇట్లాంటి చలికాలంలోనే, కాలువ కింది ఊళ్ళ నుంచి ఒక కాపు పటేలు తన బిడ్డను బండిలో పడుకోబెట్టుకుని వచ్చాడు. ఆమె పేరు గంగమణి. పదహారేళ్ళది. పడుకోవడానికి వీల్లేక దిండుకు ఒరిగి కూర్చుంది. ఊపిరి తీసుకుంటుంటే సన్నగా ఈల వేసినట్టుండేది. ఆ ఈల చివర చిన్న విరుపు, వెక్కిళ్ళు వచ్చినట్టు. పెదవులు నేరేడు పండు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి.

నలభై రోజులు ఉంచాలంది రాములవ్వ. తండ్రి ఒక ముసలి పనిమనిషిని తోడుంచి వెళ్ళిపోయాడు. రాములవ్వకు అప్పటికే చూపు మందగించింది. ఆకు తెచ్చే పని ముత్యానిది. రోజూ తెల్లవారుజామున గుట్టకు పోయి వచ్చేవాడు. అతను వచ్చేసరికి ఆమె గుడిసె ముందు గొంగడి కప్పుకుని కూర్చుని ఉండేది. చెయ్యి చాపేది. అతను ఆకు పెట్టేవాడు. ఆమె నమిలి, ముఖం వికారంగా పెట్టి, కళ్ళనీళ్ళతో అతని వైపు చూసేది. మొదట్లో ఆ చూపులో కోపం ఉండేది.

ముప్పయ్యో రోజు దాటాక ఈల తగ్గింది. ముప్పై తొమ్మిదో రోజున ఆమె తనే గుట్టకు వస్తానంది. అతను ముందు, ఆమె వెనుక. సగం ఎక్కాక అతని పక్కనుంచి ఎవరో దూసుకుపోయినట్టయింది. గంగమణి పరుగెత్తుతోంది. చీర కుచ్చెళ్ళు చేత్తో ఎత్తి పట్టుకుని, రాళ్ళ మీద అడుగులేస్తూ, చివరిదాకా ఆగకుండా పరుగెత్తింది. పైన నిలబడి గట్టిగా, "ఉరికిన! నేను ఉరికిన!" అని అరిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పరుగెత్తడం అదే మొదటిసారి. నవ్వుతోంది. గుండెలు ఎగసి పడుతున్నాయి కానీ ఈల లేదు. ముత్యం కింద నిలబడి ఆమెను చూశాడు. ఆ చూపును ఎట్లా దాచుకోవాలో అతనికి తెలియలేదు. ఆమె కూడా నవ్వు ఆపి అతన్ని చూసింది.

మరునాడే పటేలు బండి వచ్చింది.

తర్వాత అందరికీ జరిగేవే వాళ్ళకూ జరిగాయి. ఆమెను నిజామాబాద్‌లో రైస్‌మిల్లు పనివాడికిచ్చి పెళ్ళి చేశారు. అతనికి గూడెం పిల్లతోనే పెళ్ళయింది. ఎనిమిదేళ్ళ కాపురం తర్వాత ఒక వానకాలం గత్తర, కలరా, వచ్చి భార్యను తీసుకుపోయింది. తల్లి కూడా పోయాక అతను చెరకు పనికి బోధన్ వచ్చాడు.

*

నిజామాబాద్ రైలు కదిలింది. రాజారాం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అతనూ బండ్లు దించే మనిషే. వయసులో చిన్న.

"ముత్యమన్నా, మల్ల ఇందూరేనా?"

"ఆఁ."

"ఎవలున్నరే నీకు గక్కడ? బేస్తవారం అచ్చిందంటే తెల్లంగి ఏస్కుంటవ్."

"మందు ఇచ్చేదున్నది."

"దవఖానాలు లేవా ఏంది గంత పెద్ద ఊర్ల?"

"ఉన్నయ్."

"మరి?"

ముత్యం కిటికీ వైపు తిరిగాడు. మంచు విచ్చుతోంది. చెరకు తోటలు, మధ్యమధ్య వరినాట్లకు దున్నిన మళ్ళు, కాలువ గట్టు మీద కొంగలు. రాజారాం మాట మార్చి, పోచంపాడ్ దగ్గర గోదావరి మీద ఆనకట్ట పని జోరుగా సాగుతోందనీ, మనుషులు కావాలంటున్నారనీ, సీజన్ అయిపోగానే తను అటే పోతాననీ చెప్పుకుపోయాడు. ముత్యం ఊఁ కొడుతున్నాడు. సాయంత్రానికి వర్నిలో ముత్యం చెల్లెలి మొగుడు బండి కట్టుకుని వచ్చి ఉంటాడు. బండిలో గడ్డి మందంగా వేయమనీ, గడ్డి మీద గొంగడి పరవమనీ కబురు పంపాడు. కుదుపులు తగిలితే గంగమణికి ఆయాసం ఎక్కువవుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాలి. వాగు దగ్గర కాసేపు ఆపాలి.

ఆమె మళ్ళీ కనిపించింది ఈ రైలు దిగే స్టేషన్‌లోనే. భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడిన సంవత్సరం అది. అంటే పదకొండేళ్ళయింది. ప్లాట్‌ఫారం మీద బస్తాల వెనుక నుంచి ఒక చప్పుడు వినిపించింది. సన్నటి ఈల, చివర విరుపు. ముత్యం మనిషిని చూడకముందే ఆగిపోయాడు. బస్తాల చాటున ఒక స్త్రీ రెండు చేతులూ నేలకానించి, నోరు తెరుచుకుని ఊపిరి కోసం పెనుగులాడుతోంది. వేళ్ళన్నీ పసుపు. నుదుట బొట్టు లేదు. అతను ముందుకు వంగి కూర్చొమ్మన్నాడు, తల్లి చెప్పినట్టే. వేడి చాయ్ తెచ్చి గుటక గుటకగా తాగించాడు. ఊపిరి కొంచెం అందాక ఆమె తలెత్తి అతన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"మీ అవ్వ మంచిగున్నదా?" అంది.

"పోయింది."

"మరి మందు?"

"నాకెర్కనే."

అప్పటి నుంచి బేస్తవారాలు. గంజ్ అనే పెద్ద అంగడిలో పసుపు కొమ్ములు ఏరి, చెరిగే పని ఆమెది. పిల్లలు లేరు. పుట్టింటికి రమ్మని తమ్ముడు పిలిచినా పోలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేసేది. మధ్యాహ్నం ఆడవాళ్ళంతా రొట్టెలు విప్పుకునే వేళకు ముత్యం వచ్చి గోడ నీడన కూర్చునేవాడు. ఇద్దరి మధ్య రెండు బారల దూరం ఉండేది. ఆమె రొట్టె తుంచి మోదుగాకులో పెట్టి అతని వైపు జరిపేది. అతను ఆకుల పొట్లం ఆమె వైపు జరిపేవాడు. గంటసేపు అట్లా కూర్చుని, సాయంత్రం రైలుకు అతను వెళ్ళిపోయేవాడు. ఆమెను ఏమని పిలవాలో తెలియక ఈ పదకొండేళ్ళలో ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు.

పోయిన బేస్తవారం ఆమె రొట్టె సగంలోనే ఆపింది. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ కింద గుంటలో ఊపిరి కొట్టుకోవడం అతనికి కనిపిస్తోంది.

"గూడెం కాడ గా వాగున్నదా ఇంక?" అంది.

"ఉన్నది. నీళ్ళే తక్కువైనయ్."

"గుట్ట?"

"గుట్ట యాడికి పోతది?"

ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక గుడ్డతో మూతి తుడుచుకుంది. "గా దినం ఉరికిన. యాదికున్నదా నీకు?"

"ఉన్నది."

"గంతగనం ఊపిరి మల్లెన్నడు ఆడలే నాకు." కాసేపు చేతి వేళ్ళ పసుపు చూసుకుంది. "ఒక్కపారి తోల్కపోతవా, ముత్యం? ఎక్కుడు నాతోని గాదు. కిందికెల్లి సూసొస్తె సాలు."

"సీజన్ అయిపోనియ్. ఎండలు ముదిరితె నీకు గూడ జర నయమైతది. గప్పుడు పోదాం."

"సరె తియ్" అంది ఆమె. రొట్టె మూట కట్టుకుంది.

ఆ 'సరె తియ్' వారం రోజులు ముత్యాన్ని పని చేయనివ్వలేదు. కట్ట భుజానికెత్తినప్పుడల్లా వినిపించింది. ఆమె ఎన్నడూ ఏమీ అడగలేదు. మొదటిసారి అడిగితే తను సీజన్ సంగతి చెప్పాడు. మంగళవారం రాత్రికి నిర్ణయించుకున్నాడు. బుధవారం మేస్త్రిని అడిగాడు.

*

నిజామాబాద్ స్టేషన్‌లో దిగేసరికి ఎండ వచ్చింది. గంజ్ దాకా నడిచాడు. కొత్త పసుపు ఇప్పుడిప్పుడే వస్తోంది. బండ్ల నిండా బస్తాలు, మరాఠీలో బేరాలాడుతున్న వ్యాపారులు, గాలిలో పచ్చటి దుమ్ము. ఎట్లా చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. 'పద, బస్సు ఉన్నది' అంటే చాలు. ఆమె ముందు నమ్మదు. తర్వాత చేటను కింద పెట్టి లేస్తుంది.

గోడ పక్కన ఆమె కూర్చునే చోట గోనెపట్టా లేదు. అక్కడ ఇంకెవరివో బస్తాలు ఉన్నాయి.

చేటతో చెరుగుతున్న ఒకామె అతన్ని గుర్తుపట్టి చెయ్యి ఆపింది. "మంగళారం సంది రాలె గంగమణి. ఇంటికాడ అడుగు పో, అన్నా."

ఆమె ఇల్లు ఏ గల్లీలో ఉందో ముత్యానికి తెలుసు కానీ ఎన్నడూ గుమ్మం దాకా వెళ్ళలేదు. అడుగుతూ వెళ్ళాడు. పెంకుటింటి పక్కన చేర్చి కట్టిన చిన్న అర్ర. తలుపు తెరిచి ఉంది. లోపల నేల అలికి ఉంది. ఒక మూల గిన్నెలు బోర్లించి ఉన్నాయి. మంచం నిలబెట్టి గోడకు చేర్చి ఉంది.

పక్క గుమ్మంలో విస్తరి కుడుతున్న ముసలామె తలెత్తి చూసింది. ఆమె పేరు పెంటవ్వ. కొంగు తల మీదికి లాక్కుని మెల్లగా లేచి వచ్చింది.

"నువ్వేనా తమ్మీ, బోధన్‌కెల్లి వచ్చే ముత్యం?"

"నేనే అవ్వా."

"కూసో."

అతను నిలబడే ఉన్నాడు. పెంటవ్వే అరుగు మీద కూర్చుంది.

"నీకు కబురంపుదమంటె నీ పేరు తప్ప ఏం తెల్వకపాయె. బోధన్‌ల ఏడని దేవులాడుతం? మంగళారం తెల్లారంగ పోయింది బిడ్డ. తమ్ముడొచ్చి కార్యం జేసి పోయిండు."

గల్లీలో ఎవరో సైకిల్ మీద గంట కొట్టుకుంటూ వెళ్ళారు. ముత్యం పక్కకు జరిగి దారి ఇచ్చాడు. తర్వాత అరుగు చివర కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అడిగాడు.

"తక్లీఫ్ పడ్డదా?"

"సోమారం రాత్రి పడ్డది. నేను పక్కనే ఉన్న. తెల్లారుజాముల నాలుగు గొట్టంగ ఆకు నమిలింది, కక్కింది. జర తేలికైంది పెంటవ్వా, నువ్వు పోయి పండుకో అన్నది. పొద్దుగాల చాయ్ తీస్కపోతె గోడకు ఒరిగి కూసున్నట్టే ఉన్నది. మొఖం మంచిగుండె. దమ్ము లేనప్పటి మొఖం."

ముత్యం తలూపాడు. మంగళవారం. ఆ రాత్రే కదా తను బండి సంగతి ఆలోచించింది. గడ్డి మీద గొంగడి పరపించాలని అనుకున్నప్పటికే ఆమె లేదు. అతనికి ఏడుపు రాలేదు. ఊపిరి మాత్రం ఛాతీలోకి దిగకుండా గొంతు దగ్గరే ఆగుతోంది. ఇన్నేళ్ళు ఇతరులలో చూసిందే తప్ప అదెట్లా ఉంటుందో అతనికి తెలియదు. ముందుకు వంగి కూర్చున్నాడు.

పెంటవ్వ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాడు.

"రేపు ఇంటాయన అర్రకు తాళమేస్తడు" అంది ఆమె. "గిన్నెలు తమ్ముడు నన్నుంచుకోమన్నడు. గా తీగెనే ఏం జెయ్యాల్నో సమజైతలేదు. నువ్వు తీస్కపోతవా?"

"ఏం తీగె?"

పెంటవ్వ అతని ముఖం చూసి, లేచి, అర్ర వెనక్కి దారి తీసింది. మనిషి పట్టేంత జాగా. నీళ్ళ తొట్టి, బట్టలుతికే బండ. పక్కనే వనస్పతి డబ్బాలో మట్టి నింపి ఉంది. అందులోంచి పైకి లేచి, గోడకు కొట్టిన మేకుల మీదుగా, పురికొస వెంట ఒక తీగె పాకింది. గోడ సగం కప్పేసింది. మందమైన ఆకులు, జంటలు జంటలుగా. ముత్యం చెయ్యి చాపి ఒక ఆకును కిందినుంచి తాకాడు. చూడనక్కర్లేకుండానే తెలిసింది. గుట్ట మీద రెండు చుట్లు తిరిగితే దొరకనన్ని ఆకులు అక్కడున్నాయి.

"ఇదెప్పటిది?" అన్నాడు.

"ఏడెనిమిదేండ్లాయె. నువ్వు తెచ్చిన ఆకు పొట్లంల గింత కాడ వచ్చిందట. నాటింది. నేనన్న, ఇంట్ల గింత తీగె పెట్టుకుని గా మనిషిని గంత దూరంకెల్లి ఎందుకు తిప్పలు పెడ్తవే అని. రోగం ఉన్నోళ్ళు తమ చేత్తోని తెంపితె మందు పని జెయ్యదు పెంటవ్వా, మందు తెల్సినోళ్ళే తెచ్చియ్యాలె అన్నది. రోజు నీళ్ళు పోసేది. ఒక్క ఆకు తెంపేది గాదు. మొన్న సోమారం గూడ నువ్వు తెచ్చిందే నమిలింది. గట్లనేనా తమ్మీ, మీ మందుల పట్టింపు?"

ముత్యం ఆకును వదల్లేదు. అట్లాంటి పట్టింపు ఏదీ లేదు. రాములవ్వ రోగులను చెయ్యి పట్టుకుని తీగె దగ్గరికి తీసుకుపోయేది. 'నీ చేత్తోనే తెంపుకో, రేపు నేనుంటనో ఉండనో' అనేది. ఆ గుట్ట మీద, పరుగెత్తి పరుగెత్తి ఆగిన తర్వాత, గంగమణి కూడా తన చేత్తోనే ఒక ఆకు తెంపి నోట్లో వేసుకుంది. అప్పటికి పైకెక్కి వచ్చిన అతను పక్కనే ఉన్నాడు.

"అవునవ్వా" అన్నాడు. "మా దాంట్ల గట్లనే ఉంటది."

"తీస్కపో మరి. ఈడ ఎండిపోతది."

అతను తొట్టిలోంచి చెంబెడు నీళ్ళు ముంచి డబ్బాలో పోశాడు. ఎండిన నాలుగు ఆకులు ఏరి పారేశాడు. "నీ గుమ్మం కాడ పెట్టుకో. ఎవలకన్న దమ్ము లేస్తె నువ్వు తెంపియ్యి. నడిమి ఆకు తెంపాలె. పరగడుపున ఒక్కటే, మిరియంతోని. కక్కినా భయపడొద్దు."

పెంటవ్వ వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నట్టు ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పింది. అతను సరేనన్నాడు. మేకులకు చుట్టుకున్న తీగెను నెమ్మదిగా, తెగకుండా విడదీశాడు. డబ్బాను రెండు చేతులా ఎత్తి పెంటవ్వ గుమ్మం పక్కన దింపాడు.

"గీ పొద్దు బోధన్ పోతవా?"

"లేదవ్వా. వర్ని పోత. గక్కడ బండి నిలవడి ఉంటది."

గల్లీ మలుపు దాకా పెంటవ్వ అతని తెల్లంగీ చూస్తూ నిలబడింది. తర్వాత విస్తరి కుట్టడానికి కూర్చుంది. గుమ్మం పక్కన తుప్పు పట్టిన వనస్పతి డబ్బా, అడుగున చిల్లుల్లోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతూ. కొత్త గోడ మీద ఇంకా పట్టు దొరకని తీగె కొస, గాలికి మెల్లగా ఊగుతూ.